డోలో వేసి పడుకోబెట్టకు మచ్చా

రేయ్ మచ్చా,

మీ నాయన క్యాన్సర్‌కు సోమవారం నుంచి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో కీమో అని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు నేను సరిగ్గా మాట్లాడలేకపోయా. బస్సులో ఉన్నా, పైగా ఆ మాట వినగానే మా చిన్నమ్మ కళ్ల ముందు మెదిలింది. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా.

రెండో కీమో అయిన తొమ్మిదో రోజు సాయంత్రం చిన్నమ్మ కొంచెం చలిగా ఉందనింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాం, కాస్త వెచ్చగా ఉంది. అలసటలే అనుకుని డోలో వేసి, మిరియాల చారన్నం పెట్టి పడుకోబెట్టాం. ఎదురింటామె వచ్చి తిరుమల కొండకు మొక్కు ఏదో బాకీ ఉన్నట్టుందని కూడా అనింది. ఒళ్లు చల్లబడింది, మేమూ హాయిగా నిద్రపోయాం. తెల్లవారుజామున మూడింటికి చూస్తే మంచం కదిలేట్టు వణుకుతోంది, జ్వరం 102 దాటింది. చంద్రగిరి నుంచి ఆటోలో తిరుపతికి ఎట్లా చేరామో ఆ దేవుడికే తెలియాలి.

డాక్టరమ్మ తిట్టలేదు కానీ తిట్టినంత పని చేసింది. కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయంట, అందులోనూ క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్. మైక్రోలీటరు రక్తంలో అవి 500 కంటే తగ్గితే లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా చీము పట్టదు, వాపు రాదు, ఒక్కోసారి జ్వరం తప్ప వేరే ఆనవాలే ఉండదు. ఆ ఒక్కదాన్నీ మేం డోలోతో అణిచేశాం! చిన్నమ్మకు ఆ రోజు 200 కూడా లేవు. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే నరానికి యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆసుపత్రికి చేరిన గంటలోపు అది పడాలంట. వారం రోజులుండి ఇంటికొచ్చింది.

నువ్వు ఇప్పుడే అడిగి పెట్టుకోవాల్సింది ఒకటుంది. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు కదా, అర్ధరాత్రి జ్వరమొస్తే నేరుగా వచ్చేయాలా, లేక అక్కడే ఎక్కడైనా యాంటీబయాటిక్ మొదటి డోసు వేయించుకుని రావాలా, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇవన్నీ డాక్టర్ చేత ఫైలు మీదే రాయించుకో. 100.4 కనబడితే ఫోన్ చేసెయ్, తెల్లారనీలే అనుకోవద్దు. జ్వరం లేకుండా వణుకొచ్చినా అంతే. క్యాజువాలిటీలో టోకెన్ కోసం నిలబడకుండా ముందు "కీమో పేషెంట్, జ్వరం" అని గట్టిగా చెప్పు, మొహమాటపడితే అక్కడే కూర్చోబెడతారు.

ఇంకోటి, కాఫీ తాగిన వెంటనే నాలుక కింద థర్మామీటర్ పెడితే తప్పు చూపిస్తుంది, ఓ పావుగంట ఆగాలి. మలద్వారంలో మాత్రం పెట్టకూడదు, అక్కడ గీరుకుంటే అదే ఇన్ఫెక్షన్‌కు దారి. డాక్టర్‌ని అడగకుండా బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్ర కూడా వద్దు, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే రక్తం కారే ప్రమాదం. పలకరించడానికి వచ్చే చుట్టాల్లో ఎవరికైనా జలుబుంటే గుమ్మంలోనే ఆపెయ్, మీ పెద్దత్త అలిగితే అలగనీ.

సోమవారం నేను లీవు పెట్టి వస్తున్నా. థర్మామీటర్ కూడా నేనే తెస్తాలే, నువ్వు మర్చిపోతావు.

నీ మచ్చా