రాయితీ పోను కట్టేది ఎంతో రాసివ్వాలి

సంపాదకులకు,

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాయకముందే ఇళ్లకు ప్రైవేటు యూనివర్సిటీల అడ్మిషన్ లెటర్లు వచ్చిపడుతున్నాయి. ‘మీకు 50 శాతం స్కాలర్‌షిప్’ అన్నది పెద్దక్షరాల్లో ఉంటుంది. దేని మీద, ఎన్నేళ్లు, ఏ షరతుతో అన్నది ఎక్కడో అడుగున. ఫీజు 3 లక్షలుంటే ఏడాదికి లక్షన్నర, నాలుగేళ్లకు ఆరు లక్షలని తల్లిదండ్రులు లెక్కేసుకుంటారు. ఆ లెక్క నిలవదు.

మొదటి ఏడాది ట్యూషన్ ఫీజు 3 లక్షలు, ఏటా 10 శాతం పెంపు అనుకుందాం. మొత్తం రూ.13,92,300. సగం రాయితీ చివరిదాకా ఉంటే కట్టేది రూ.6,96,150. అదే రాయితీని శాతంలో కాకుండా ‘ఏటా లక్షన్నర’ అని రూపాయల్లో ఇస్తే పెంపంతా మన నెత్తినే పడి రూ.7,92,300 అవుతుంది. రెండో ఏడాది నుంచి రాయితీ పోతే రూ.12,42,300. హాస్టల్, మెస్, ఔటర్ రింగ్ రోడ్డు అవతలి క్యాంపస్‌కు బస్సు ఛార్జీ వేరే. రాయితీ సాధారణంగా ట్యూషన్ ఫీజు వరకే.

రాయితీ పోవడం అరుదేం కాదు. ఏటా ఫలానా సీజీపీఏ (సగటు గ్రేడు), బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) లేకపోవడం, హాజరు వంటి షరతులుంటాయి. సప్లిమెంటరీలో పాసైనా బ్యాక్‌లాగ్ కిందే లెక్కగట్టే చోట్లున్నాయి. రిలేటివ్ గ్రేడింగ్ అయితే మరీ ఇబ్బంది: క్లాసులో అందరూ బాగా రాసినా గ్రేడు పక్కవాడి మార్కులను బట్టి వస్తుంది కాబట్టి కొందరు కిందికి జారక తప్పదు.

బ్యాంకు రుణం తీసుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు. రాయితీ పోను మిగిలిన మొత్తానికే శాంక్షన్ అయితే, రాయితీ పోయిన ఏడాది మళ్లీ దరఖాస్తు, మళ్లీ తిరుగుడు. పూర్తి ఫీజుకు శాంక్షన్ అడిగి, సెమిస్టర్‌కు కావలసినంతే విడుదల చేయించుకోవడం మేలు. వడ్డీ తీసుకున్న సొమ్ముకే పడుతుంది. కేంద్ర పథకం పీఎం విద్యాలక్ష్మి కింద కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు రుణంపై మారటోరియం (వాయిదాలు కట్టనక్కర్లేని) కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కానీ యూనివర్సిటీ ఆ పథకం జాబితాలో ఉండాలి. లేకపోతే లేదు.

ఇంకో పొరపాటు, కన్వీనర్ కోటా (ఎప్‌సెట్ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో వచ్చే సీట్ల) ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇలా నేరుగా చేరే సీటుకూ వస్తుందనుకోవడం. రాదు. ఆ సొమ్మునూ కలుపుకుని చూస్తే, ‘సగం రాయితీ’ సీటు కంటే మామూలు అఫిలియేటెడ్ కాలేజీయే చౌకగా తేలే ఇళ్లు చాలా ఉంటాయి.

సీటు వదులుకుంటే, యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశాలకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు ఫీజులో 100 శాతం (ప్రాసెసింగ్ కింద గరిష్ఠంగా రూ.5 వేలే కోత), ఆ తర్వాత తేదీలోపు 90, దాటాక 15 రోజుల వరకు 80, నెల వరకు 50 శాతం వెనక్కివ్వాలి. ఆపై సున్నా. కాబట్టి విత్‌డ్రా దరఖాస్తు ఈమెయిల్‌లో పంపి, తేదీ కనబడేలా దాచుకోవాలి. కౌన్సెలర్‌కు ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టేపెట్టుకునే హక్కూ వారికి లేదు.

ప్రతి అడ్మిషన్ లెటర్‌లో ఏడాదివారీగా పూర్తి ఫీజు, రాయితీ, కట్టాల్సింది, రాయితీ పోతే కట్టాల్సింది అని నాలుగు గడుల పట్టికను ఉన్నత విద్యామండలి తప్పనిసరి చేయాలి. ఈలోగా ఆ పట్టికను అడ్మిషన్ ఆఫీసు చేతే నింపించి, ముద్ర వేయించుకున్నాకే మొదటి వాయిదా కట్టండి.

– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నల్లకుంట, హైదరాబాద్