ధరల లిస్టు ఎందుకు ఆలస్యమైందంటే

అందరికీ నమస్కారం. కొత్త ధరల లిస్టు నెల మొదట్లోనే పెడతానన్నాను, పెట్టలేదు. ఫోన్ చేసినవాళ్లందరికీ "ఇంకో వారం" అని చెప్పీ చెప్పీ నాకే సిగ్గుగా ఉంది, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మనం అమ్మే డ్రిల్ బిట్లు, రంపం బ్లేడ్లు చాలావరకు బయటి దేశం నుంచి వస్తాయి. ఆ దేశంతో వాణిజ్య ఒప్పందం కుదిరినట్టేనని వార్తలొచ్చాయి, మంత్రులిద్దరూ చేతులు కలిపిన ఫొటో కూడా వేశారు. సుంకం తగ్గాకే తెప్పిద్దాం కదా అని ఆర్డర్ ఆపేశాను. ఒప్పందం అక్కడే ఆగింది, ఇక్కడ స్టాకు అయిపోయింది, పైగా సప్లయర్ ఇచ్చిన పాత కొటేషన్ గడువు కూడా దాటింది. తప్పు నాదే.

ఆ ఫొటోను నమ్మకుండా ఉండాల్సింది. బేరానికి వెళ్లినవాడు ఎదుటివాడితో ఒకసారి తేల్చుకుని, ఇంటికొచ్చి తనవాళ్లతో మళ్లీ తేల్చుకోవాలి, అసలు తిప్పలన్నీ ఆ రెండోచోటే. కెనడా, ఐరోపా సమాఖ్యల ఒప్పందం సేటానే చూడండి. చర్చలు 2014లోనే ముగిశాయి. తీరా 2016 అక్టోబరులో సంతకాల వేళకి బెల్జియంలోని వల్లోనియా ప్రాంతపు చట్టసభ కుదరదంది. అక్కడి జనాభా 36 లక్షలు, అంతే! కానీ ప్రాంతీయ ప్రభుత్వాలు సరేననకపోతే బెల్జియం సంతకం పెట్టడానికి వీల్లేదు. రైతుల భయాలకీ, విదేశీ కంపెనీలు ప్రభుత్వాల మీద కేసులు వేసే ఏర్పాటు మీద వచ్చిన అభ్యంతరాలకీ హామీలు రాసిచ్చాక, ఆ నెల 30న సంతకాలయ్యాయి. మరుసటి ఏడాది నుంచి తాత్కాలికంగా అమలవుతోంది, అయినా 2024లో ఫ్రాన్స్ సెనేట్ దాన్ని తిరస్కరించింది.

మనది ఉక్కు సరుకు కాబట్టి ఇంకోటి చెప్తా. 2002 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బుష్ దిగుమతి ఉక్కు మీద 30 శాతం దాకా సుంకం వేశారు. పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా లాంటి ఉక్కు రాష్ట్రాల ఓట్ల లెక్క అందులో ఉందని అప్పట్లో అందరూ అన్నదే. ఐరోపా వాళ్లేం చేశారంటే, బదులుగా అమెరికా సరుకుల మీద తాము వేస్తామన్న సుంకాల జాబితాలో ఫ్లోరిడా నారింజ, నిమ్మ జాతి పండ్లని పెట్టారు. ఎన్నికల్లో ఫ్లోరిడా ఎంత కీలకమో వాళ్లకి తెలియనిదేం కాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పు కూడా వ్యతిరేకంగా రావడంతో 2003 డిసెంబరులో, మూడేళ్ల గడువు కంటే ముందే, ఆ సుంకాలు ఎత్తేశారు. ఈలోపు ఉక్కు కొనుక్కుని వస్తువులు చేసుకునే చిన్న కంపెనీలు పెరిగిన ఖర్చు భరించాయి. వాళ్ల గొడవ నాకు బాగా అర్థమవుతుంది.

"నాకు అభ్యంతరం లేదు, మా పార్లమెంటే ఒప్పుకోదు" అన్నవాడికి ఒక్కోసారి ఎక్కువ గిట్టుబాటవుతుంది కూడా. మీలో కొందరు "మా పార్ట్‌నర్ ఒప్పుకోడండీ" అంటూ నా దగ్గర తగ్గించుకుంటారు చూడండి, అదే ఇది. (ఆ పార్ట్‌నర్లని నేనెప్పుడూ చూడలేదు.)

ఇప్పుడు విషయానికొస్తే, ఉన్న సుంకానికే నిన్న ఆర్డర్ పెట్టేశాను. లిస్టు సోమవారం వస్తుంది, ధరలు 15 రోజులు మారవు. ఈలోపు అడ్వాన్స్ కట్టినవాళ్లకి పాత ధరే, తేడా నేనే భరిస్తాను. సరుకు రేవు దాటేలోపు సుంకం తగ్గితే కస్టమ్స్ కాగితం చూపించి ఆ మేరకు తగ్గిస్తాను. అంతకాలం ఆగలేం అనుకునేవాళ్లు మొహమాటపడకుండా చెప్పండి, అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేస్తాను.