2025-26 వార్షిక నివేదిక: టచ్ స్క్రీన్, స్క్రీన్ రీడర్, మన సంఘం
సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనిలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగింది: చూపులేని మనం స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, టచ్ కంప్యూటర్ వాడటం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. దాంతో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నవాళ్లలో, ఆఫీసు వాళ్లు ఇస్తే తీసుకున్నవాళ్లలో చాలామందికి టచ్ స్క్రీన్ వచ్చిపడింది. "కీబోర్డు ఉండగా ఈ అద్దంతో మాకేం పని?" అని మొదటి సమావేశంలో పెద్దవాళ్లు గట్టిగానే అడిగారు.

కీబోర్డు మానేయమని సంఘం ఎవరికీ చెప్పలేదు, చెప్పదు కూడా. కానీ కీబోర్డు ఇవ్వలేనిది ఒకటి టచ్ ఇస్తుంది. ట్యాబ్ కీ నొక్కుతూ పోతే అన్నీ వరసగా వినిపిస్తాయి గానీ, ఏది తెర మీద ఎక్కడుందో తెలియదు. వేలితో తడిమితే తెలుస్తుంది. బ్యాంకులో పనిచేసే మన సభ్యురాలికి పక్క సీటాయన "పైన కుడిమూల ఉంది చూడండి మేడమ్" అంటే ఇన్నాళ్లూ ఏం చేయాలో తోచేది కాదు. ఇప్పుడు ఆ మూలకే వేలు పెట్టి, బటన్ పేరు విని, రెండుసార్లు తట్టి పని కానిస్తున్నారు. కొత్తగా చేరిన కుర్రాడికి "కింద ఎడమవైపు ఉంటుంది బాబూ" అని ఆవిడే చెబుతున్నారు. కళ్లున్నవాళ్లతో ఒకే తెర గురించి మాట్లాడుకోగలగడం చిన్న విషయం కాదు.

ఈ సౌకర్యం నిన్నమొన్నటిది కాదు. 2009లో ఐఫోన్‌కు వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ వచ్చింది. 2012లో విండోస్ 8తో కంప్యూటర్‌కూ దారి పడింది. మనలో ఎక్కువమంది వాడే ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో అదే ఏడాది, 2012.3 వెర్షన్‌తో, టచ్ జెశ్చర్లు, అంటే తెర మీద వేళ్ల కదలికలతో ఇచ్చే ఆదేశాలు, మొదలయ్యాయి. మామూలుగా వేలు తగిలితే చాలు, బటన్ నొక్కుకుపోతుంది. అలా కాకూడదంటే ఆ తాకిడిని స్క్రీన్ రీడర్ మధ్యలోనే అందుకుని, ముందు పేరు చదివి, రెండుసార్లు తట్టాకే నొక్కాలి. వేరే ప్రోగ్రాముకు వెళ్లాల్సిన తాకిడిని మధ్యలో పట్టుకునే హక్కు విండోస్ ఎవరికి పడితే వాళ్లకివ్వదు. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన ఎన్‌వీడీఏకు ఇస్తుంది, పెన్‌డ్రైవ్‌లోని పోర్టబుల్ కాపీకి ఇవ్వదు. శిక్షణ మొదట్లో "నాది పలకట్లేదు" అన్న ఫిర్యాదులు చాలావరకు ఇందువల్లే వచ్చాయి.

తరగతులు ఎంవీపీ కాలనీలోని మన గదిలో, సాయంత్రాలు జరిగాయి. గాజువాక నుంచి, మధురవాడ నుంచి డ్యూటీ దిగి బస్సులో వచ్చినవాళ్లున్నారు. ల్యాప్‌టాప్ తెర సైజులో అట్టముక్క కోసి, టాస్క్‌బార్ ఉండేచోట, విండో పైఅంచున దారం అంటించి, మూసే బటన్ దగ్గర చిన్న గుండీ పెట్టాం. ముందు అట్ట మీద వేలు తిరగడం అలవాటయ్యాక, అసలు తెర ముందు ఎవరూ కంగారుపడలేదు.

తిప్పలు వచ్చింది వేగం దగ్గర. వేలు చటుక్కున కుడికి జరిపితే స్క్రీన్ రీడర్ తర్వాతి అంశానికి వెళ్తుంది. అదే నెమ్మదిగా జరిపితే, తెరను తడుముతున్నారనుకుని వేలి కింద ఏముంటే అది చదువుతుంది. అరవై దాటినవాళ్ల వేలు ఆ వేగం అందుకోవడానికి టైమ్ పట్టింది. పైగా విశాఖ ఉక్కపోత: చెమట వేలు అద్దానికి అతుక్కుని మధ్యలో ఆగిపోయేది. కేరమ్ ఆడేటప్పటిలా వేలికి రవ్వంత పౌడర్ రాసుకోమని ఒక సభ్యుడు చెప్పారు. బాగా పనిచేసింది. మూడు వేళ్లతో ఒకసారి తడితే మోడ్, అంటే వేలి కదలికను స్క్రీన్ రీడర్ అర్థం చేసుకునే తీరు, మారుతుంది. టెక్స్ట్ మోడ్‌లో కిందికి జరిపితే తర్వాతి వరుస, కుడికి జరిపితే తర్వాతి అక్షరం వినిపిస్తాయి. మాట ఆపాలంటే రెండు వేళ్లతో ఒకసారి, ఎన్‌వీడీఏ మెనూ కావాలంటే రెండుసార్లు తట్టాలి. ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు ఇన్‌పుట్ జెశ్చర్స్ డైలాగ్‌లో వీటిని మార్చుకోవచ్చు. తెర మీది కీబోర్డుతో టైప్ చేసేవాళ్లు సెట్టింగ్స్‌లో టచ్ టైపింగ్ ఆన్ చేసుకుంటే, వేలు ఎత్తగానే అక్షరం పడుతుంది. ఇవన్నీ తెలుగులో చెప్పి రికార్డు చేసిన ఆడియో ఆఫీసులో ఉంది, అడిగి తీసుకోండి.

మన కంప్యూటర్ మనం నేర్చుకోగలం. బయట పెట్టిన మెషీన్ల సంగతే బాధగా ఉంది. నగరంలోని ఒక కార్యాలయంలో టోకెన్ మెషీన్‌కు టచ్ తెర తప్ప ఒక్క బటన్ లేదు, మాటా లేదు. వినతిపత్రం ఇస్తే "మా స్టాఫ్ నొక్కిపెడతారు" అన్నారు. దీన్ని సంఘం ఒప్పుకోదు. రోజువారీ వాడకంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు అందరూ వాడుకునేలా ఉండేటట్టు ప్రభుత్వం చూడాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం కిందికే వస్తుందని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఈ రెండూ జతచేసి రెండో వినతిపత్రం పంపాం. జవాబు రావాల్సి ఉంది.

ఆడిట్ అయిన లెక్కలు విడిగా జతచేశాం. సభ్యత్వ రుసుము మారలేదు. వచ్చే ఏడాది తరగతులు జూన్‌లో మొదలవుతాయి. వచ్చేవాళ్లు ఎన్‌వీడీఏను పెన్‌డ్రైవ్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకుని రండి. మీరు వెళ్లేచోట మాట్లాడని టచ్ మెషీన్ కనబడితే ఎక్కడ, ఏ తారీఖున అన్నది మాకు చెప్పండి, ఆ జాబితా మూడో వినతిపత్రానికి కావాలి.

కార్యదర్శి,
విశాఖపట్నం