ఆదివారం సంకటి భోజనం, విరాళాల లెక్క

అన్నలకు, అక్కలకు నమస్కారం. మన వార్డు ప్రచార ఖర్చుల కోసం అనుకున్న భోజనం ఈ ఆదివారం మధ్యాహ్నం, తిరుపతి కొర్లగుంటలో మొన్న చూసొచ్చిన మేడ మీదే. షామియానా వేయిస్తున్నాం. కూపన్ 200. రాగిసంకటి, నాటుకోడి పులుసు. కోడి తినని వాళ్ళకి శెనక్కాయల ఊరిబిండి పచ్చడి. చివర్లో బేనిషా మామిడి ముక్కలు. మజ్జిగ మాత్రం ఎంతైనా తాగొచ్చు, ఈ ఎండకి అదే అసలు భోజనం!

డబ్బు సంగతి కొంచెం గట్టిగా చెప్తున్నా, ఏమనుకోవద్దు. పార్టీకి ఒకరి దగ్గర నుంచి 2,000 దాటి నగదు తీసుకోకూడదు. అంతకు మించి ఇచ్చేవాళ్ళు చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ, నేరుగా పార్టీ ఖాతాకే. పన్ను మినహాయింపు కావాలన్నా నగదుకు రాదు. నా ఫోన్‌పేకి ఎవరూ పంపొద్దు, దండం పెడతా. పోయినసారి రెండు కూపన్ పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్ళు దొరక్క, రాత్రి ఒంటిగంట దాకా నేనూ మా ఆవిడా చిల్లర లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. ఆ టెన్షన్ మళ్ళీ వద్దు.

ఎన్నికల కోడ్ ఉంది కదా, వసూలైంది ఒక్క బండిలోనే వేసుకుని తిరగొద్దు. 50,000 దాటితే తనిఖీలో పట్టుకుంటారు. మైకుకు పర్మిషన్ కాగితం సురేషన్న చూస్తున్నాడు. గుడి ఫొటోలు, స్వామి బొమ్మలు ఫ్లెక్సీ మీద వద్దే వద్దు.

సంకటి గెలికే కట్టె ఎవరింట్లో పెద్దది ఉంటే శనివారం సాయంత్రానికి పంపండి.