ఆదివారం ఆటల గది: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మహబూబ్‌నగర్‌లోని మన సంఘం గదిని ఆదివారాలు ఆటల ద్వారా చేసే పిల్లల కౌన్సెలింగ్‌కు ఇవ్వాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఈ ఏడాది చేసిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే కాబట్టి నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను. రక్తదాన శిబిరం, నోటు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా అందరికీ ఇస్తున్నాం.

గదికి వచ్చేవాళ్లలో ఆటిజం ఉన్న పిల్లలున్నారు, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉన్నవాళ్లున్నారు, చదవడం రాయడం కష్టమయ్యేవాళ్లున్నారు. అమ్మానాన్నలు ముంబయి, పుణె పనులకు పోతే అవ్వ దగ్గర పెరుగుతున్నవాళ్లూ వస్తున్నారు. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి ‘ఏమైంది, చెప్పు’ అంటే చాలామంది నోరు విప్పరు. కొందరికి ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడమే భారం. అదే పక్కపక్కన కూర్చుని ఇద్దరూ ఒకే ఆట పటం వైపు చూస్తుంటే మాట దానంతటదే వస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లోనే ఆట చికిత్స గురించి పుస్తకం రాశారు. దారి పిల్లలు చూపాలి, పెద్దలు వెంట నడవాలి అన్నది ఆమె పద్ధతి. మన కౌన్సెలర్ కూడా అదే పాటిస్తున్నారు.

అష్టాచెమ్మాతో మొదలుపెట్టాం. నాలుగు గవ్వలు వెల్లకిలా పడితే నాలుగు, అన్నీ బోర్లా పడితే ఎనిమిది. గవ్వలకు చిన్నాపెద్దా తేడా లేదు కాబట్టి ఎనిమిదేళ్ల పిల్ల కూడా పెద్దవాళ్లను ఓడించగలదు. గచ్చు మీద గవ్వల చప్పుడుకి కొందరు చెవులు మూసుకుంటున్నారని కింద మందపాటి జంపఖానా పరిచాం. అసలు కష్టం కాయ చచ్చినప్పుడు వస్తుంది. ఇంటి దాకా వచ్చిన కాయ మళ్లీ మొదటికి పోతే పటాన్నే విసిరికొట్టే పిల్లలున్నారు. అందుకే ఆట మొదలయ్యే ముందే ‘ఇయ్యాల చంపుడు ఉండాల్నా, వద్దా’ అని పిల్లల్నే అడుగుతాం. కొన్ని వారాలు చంపుడు లేకుండా ఆడినవాళ్లే తర్వాత కావాలని అడిగారు. కోపం వస్తే చూపించడానికి ఒక ఎర్ర అట్టముక్క ఉంటుంది. అది ఎత్తితే అందరూ ఆగాలి. ఆట ముగించే ముందు ‘ఇంకా రెండు పందేలే’ అని చెప్పడం కూడా తప్పనిసరి. ఉన్నట్టుండి ఆపేస్తే ఆటిజం ఉన్న పిల్లలు తట్టుకోలేరు.

పులి–మేక ఆటలో జరిగిన ఒక సంగతి, ఆ కుటుంబం అనుమతితో రాస్తున్నాను. మేకల వైపు ఆడుతున్న బాబు, పులి తిన్న మేకను డబ్బాలో వేయనివ్వలేదు. కిటికీ మీద పెట్టి “సచ్చిపోలే, బొంబాయి పోయింది. దసరాకొస్తది” అన్నాడు. కౌన్సెలర్ అతని తల్లిదండ్రుల మాటెత్తలేదు. “మరి మిగిలిన మేకలు ఎవరికాడుంటయి?” అని మాత్రం అడిగారు. “అవ్వకాడ. అవ్వకు మోకాళ్లు నొస్తయి” అన్నాడు. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడడానికి ఒక దారి దొరికింది. ఈ సంగతి విన్నాక ఊళ్లోనే ఉన్న మేనమామ వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చి వీడియో కాల్ చేయించడం మొదలుపెట్టాడు.

ఆటిజం ఉన్న పిల్లలతో లెగో ముక్కలు కట్టించే పద్ధతిని అమెరికాలో డేనియల్ లెగాఫ్ 2004లో వివరించారు. ఒకరు బొమ్మ చూసి చెప్తారు, ఒకరు ముక్కలు అందిస్తారు, ఒకరు కడతారు. ఒకరు లేకుండా ఇంకొకరి పని సాగదు. ఆ పెట్టెలు కొనే స్తోమత మనకు లేదు. అయితే మన మహిళా సభ్యులు ఆ పద్ధతిని బతుకమ్మకు మార్చుకున్నారు. ఒక పాప వరుసలు గీసిన కాగితం చూసి “గునుగు, తర్వాత తంగేడు” అని చెప్తుంది, రెండో పాప పూలు ఏరి ఇస్తుంది, మూడో బాబు తాంబాళంలో పేరుస్తాడు. ఎప్పుడూ ఒక్కడే ఓ మూల కూర్చునే ఆ బాబు, బంతి పూలు అయిపోతే చేయి చాపి “ఇంకోటి” అని అడిగాడు. వాళ్ల అమ్మ అక్కడే ఏడ్చేసింది. తర్వాత మైకు లేకుండా, పగటిపూట, తక్కువమందితో బతుకమ్మ ఆడించాం. దీన్ని ప్రతి ఏడాదీ కొనసాగించాలని నా గట్టి కోరిక.

పెద్దవాళ్లను మరిచిపోకూడదు. ఆటిజం ఉన్న ఒక యువకుడికి దాడి ఆట (గీతల మీద మూడు కాయలు వరుస కట్టే ఆట) ఎత్తులన్నీ కంఠతా వచ్చు. ఇప్పుడు చిన్నవాళ్లకు నేర్పేది ఆయనే. ఇష్టమైన విషయం మీద గంటసేపైనా మాట్లాడగలిగే మనిషికి వినేవాళ్లు దొరికారు.

తల్లిదండ్రులకు రెండు మనవులు. ఆటను పరీక్షగా మార్చవద్దు. గది బయటికి రాగానే ‘గెలిచినవా?’ అని అడగడం మానండి. అలాగే ఆటలున్నాయని డాక్టర్ రాసిన మందులు, స్పీచ్ థెరపీ ఆపవద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు (చదవడం, రాయడం వంటివి కష్టమవడం) ఉన్నాయి. ఏడీహెచ్‌డీకి అందులో విడిగా చోటు లేదు. వైకల్య ధ్రువపత్రం దరఖాస్తుకు మన సభ్యులు సాయం చేస్తారు. అర్ధరాత్రి మనసు నిలవనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు ఉండదు.

వచ్చే ఏడాది 18 దాటినవాళ్లకు సాయంత్రం విడిగా ఒక పూట, అవ్వతాతలకు ఆటలు నడిపే శిక్షణ పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. రోడ్డు చప్పుడు వినబడని, మెట్లు ఎక్కక్కర్లేని గది కావాలి. ఎవరింట్లోనైనా అలాంటిది ఖాళీగా ఉంటే సమావేశం రోజే చెప్పండి. అటకల మీద పాత ఓమనగుంటల పీటలుంటే అవీ తెచ్చి ఇవ్వండి. చింతగింజలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

ఇట్లు,
ప్రధాన కార్యదర్శి