కుక్క బండికీ ఒక పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

కుక్కల చేత బండి లాగించడం క్రూరత్వమేనన్న మీ పాఠకుని మాటను పూర్తిగా కాదనలేను. లండన్‌లో 1839 నాటి చట్టమే దాన్ని నిషేధించింది. అయితే అమెరికాలో న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్కలకు పెట్టే బండి లాగే పరీక్షను నేను దగ్గరుండి చూశాను. పరీక్షకు ముందు శిక్షణలో మొదట ఒట్టి పట్టీలు తొడిగి, తరువాత చక్రాల చప్పుడుకు అలవాటు చేసి, ఎముకలు గట్టిపడ్డాకే బరువు కడతారు. పరీక్షలో బరువుతో మైలు దూరం నడవడం కన్నా బండితో సహా వెనక్కి నడవడమే కష్టమని నాకు తోచింది. ఒక కుక్క రెండడుగులు వేసి, బండి నొగ కర్ర తొడకు తగలగానే కూలబడింది. యజమాని కసురుకోలేదు, పట్టీలు విప్పి నీళ్లు పెట్టాడు. ఎడ్ల బండి బరువుకు 1965లోనే నిబంధనలు రాసుకున్న మన దగ్గర, ఇసుక బండిని ఆపి తూచిన అధికారిని నేనింతవరకు చూడలేదు.

ఇట్లు,
ఒక ప్రవాస పాఠకుడు