ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ: నలభై దాటకముందే పరీక్ష అందాలి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమ, కాకినాడ, భీమవరం ప్రాంతాల్లో సంతానలేమి చికిత్సలో పనిచేసే డాక్టర్లం, నర్సులం, ల్యాబ్ సిబ్బందిమి ఈ లేఖ రాస్తున్నాం. ఎక్కువమంది పిల్లల్ని కనమని ప్రభుత్వమే చెబుతున్న రోజులివి. కనాలని ఉండీ వయసు దాటిపోతున్న ఆడవాళ్ల సంగతి కూడా చూడండి.

నలభైకి అటూ ఇటూ వచ్చేవాళ్లలో రెండు రకాలవాళ్లు మాకు తరచూ కనిపిస్తారు. భర్త కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి రెండేళ్లకోసారి సెలవుకొచ్చే రాజోలు, మలికిపురం వైపు వాళ్లు ఒకరు. పెళ్లయి పదేళ్లంటారు, కలిసున్న రోజులు లెక్కేస్తే ఏడాది ఉండదు. చిన్న వయసులోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని, తర్వాత బిడ్డను పోగొట్టుకున్న తల్లులు మరొకరు. వీళ్లలో చాలామందికి అండాల నిల్వ ఎంతుందో అప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు.

చూడటం పెద్ద పని కాదు. నెలసరి రెండో రోజో మూడో రోజో లోపలి స్కాన్ చేసి, రెండు అండాశయాల్లో అండాలుండే 2 నుంచి 10 మిల్లీమీటర్ల బుడగలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. రెండు వైపులా కలిపి ఐదారుకు మించకపోతే నిల్వ తగ్గినట్టే. అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష ఏ రోజైనా చేయొచ్చు. ఈ రెండూ చెప్పేది సంఖ్యే. నాణ్యత వయసును బట్టే ఉంటుంది. ఏఎంహెచ్ బాగుంది కదా అని 42 ఏళ్లావిడను ఇంకో ఏడాది ఆగమనడం అన్యాయం. 35 దాటితే ఆరు నెలలు చూసి, 40 దాటితే వెంటనే పరీక్షలు మొదలుపెట్టాలి.

మగవాళ్ల పరీక్షా అంతే ముఖ్యం. వీర్యం గంటలోపు, ఒంటి వేడి తగ్గకుండా ల్యాబ్‌కు చేరాలి. అంతర్వేదిలో తీసిన డబ్బా కాకినాడ చేరేసరికి కణాల కదలిక పడిపోతుంది. దారిలో పోయినదాన్ని మనిషి లోపంగా రిపోర్టులో రాస్తారు. అందుకే అమలాపురం లాంటి ఏరియా ఆసుపత్రుల్లో ఒక గది, మైక్రోస్కోపు, శిక్షణ ఉన్న టెక్నీషియన్ కావాలి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు సెలవులోనే వీర్యం నిల్వ చేయించుకునే ఏర్పాటు, ఇద్దరి రాతపూర్వక అంగీకారంతో, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్)లో పెట్టండి.

ఆపరేషన్ అయినవాళ్లకు ట్యూబు నాలుగు సెంటీమీటర్లకు పైగా మిగిలి, వయసు 37లోపైతే రీకెనలైజేషనే, అంటే ట్యూబును మళ్లీ కలిపే ఆపరేషనే, ముందు ఆలోచించాలి. నలభై దాటాక దాని ఫలితం కోసం కూర్చునే వ్యవధి ఉండదు, అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపి పిండాన్ని గర్భాశయంలో పెట్టే ఐవీఎఫే దారి.

ఐవీఎఫ్‌లో చిన్న పొరపాటుకే విడతంతా పోతుంది. ఇంజెక్షన్లు పది పన్నెండు రోజులు చేయాలి, వాటిలో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అండాలు పక్వం కావడానికి ఇచ్చే చివరి ట్రిగ్గర్ ఇంజెక్షన్ రాత్రి పదింటికి చేస్తే అండాలు తీయాల్సింది ఎల్లుండి పొద్దున పదికి. ఊళ్లో చేసేవాళ్లు దొరక్క అర్ధరాత్రి దాటాక రెండింటికి చేయించుకుని, పదింటికే చేశామని చెబితే అండాలు పచ్చిగానే చేతికొస్తాయి. పీహెచ్‌సీ నర్సుకు ఈ డ్యూటీ అప్పగిస్తే చాలు, ఈ నష్టం తప్పుతుంది.

ఇక మేం గట్టిగా అడిగేది నిజం చెప్పించమని. 43 దాటాక సొంత అండంతో ఒక విడతలో బిడ్డ పుట్టే అవకాశం నూటికి ఐదులోపే. దాత అండమైతే, అంటే వేరే స్త్రీ ఇచ్చిన అండమైతే, చూడాల్సింది దాత వయసు. 2019లో తూర్పుగోదావరి జిల్లాకు చెందిన డెబ్బై దాటిన ఆవిడ గుంటూరులో కవలల్ని కన్నది దాత అండంతోనే. ఆ వార్త ఊరూరా పాకింది, దాత అండమన్న మాట మాత్రం చాలామందికి చేరలేదు. ఐవీఎఫ్ లాంటి చికిత్సలపై వచ్చిన 2021 చట్టం (ఏఆర్‌టీ చట్టం) వాటిని చేయించుకునే స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల పరిమితి పెట్టింది. దాతకు 23 నుంచి 35 ఏళ్లు ఉండాలి, జీవితంలో ఒక్కసారే అండాలివ్వాలి. సొంత అండమా, దాతదా, అవకాశం నూటికి ఎంత అన్నది తెలుగులో రాసిన కాగితం డబ్బు కట్టకముందే దంపతుల చేతికివ్వాలని ప్రతి కేంద్రాన్నీ ఆదేశించండి. బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె ఎకో చూడకుండా నలభై దాటినవాళ్లకు పిండం పెట్టకూడదు. పెట్టినా ఒక్కటే పెట్టాలి. ఆ వయసులో కవల గర్భం తల్లి ప్రాణానికే ముప్పు.

హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది. కాకినాడలోనూ అలాంటిది పెట్టి, ఖర్చును ఎన్టీఆర్ వైద్య సేవ కింద భరించండి. ఇది తుపాన్ల నేల కాబట్టి పిండాలు పెరిగే ఇంక్యుబేటర్లకు జనరేటర్‌తో పాటు విడిగా యూపీఎస్, గడ్డకట్టించిన పిండాలు, వీర్యం నిల్వకు రెండు వారాలకు సరిపడా ద్రవ నైట్రోజన్ అంచనాల్లోనే చేర్చమని మనవి.

ఇట్లు,
గోదావరి డెల్టా సంతానలేమి చికిత్సా సిబ్బంది